పగటి షిఫ్టు మాస్టర్

మూడు నెలలకొకసారి ఒక పని నా నెత్తిన పడుతుంది. మా కంపెనీ క్లౌడ్‌లోకి రావడానికి ఎవరెవరికి అనుమతి ఉందో ఆ జాబితా తెరిచి, వాడకుండా పడి ఉన్న ఖాతాలను ఏరి తీసేయాలి. ఉద్యోగం మానేసినవాళ్ళు, పాస్‌వర్డ్ మరిచిపోయి ఇంకో ఖాతా తెరిపించుకున్నవాళ్ళు, అసలెందుకు తీసుకున్నారో వాళ్ళకే గుర్తులేనివాళ్ళు. తిట్టుకుంటూ చేస్తాను. ఈసారి ఒక పేరు దగ్గర ఆగిపోయాను. చివరిసారి లోపలికి వచ్చిన తేదీ ఉండాల్సిన గడిలో 'ఎన్నడూ రాలేదు' అని ఉంది. ఆ ఖాతా నేనే తెరిచాను, రెండేళ్ళ కిందట, సూరత్‌లో లింబాయత్ అనే పేటలో, ఒక సాంచెల కార్ఖానాలో కూర్చుని.

ఆయన నంబరు ఫోనులో ఇంకా ఉంది. చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది. సూరత్ నుంచి చేస్తున్నాను, మాస్టరుగారు ఉన్నారా అన్నాను. నాయిన పోయి రెండు నెలలాయె, మీరెవలు అని అడిగింది. నేనెవరినో చెప్పడం నాకు రాలేదు. కలిసి పనిచేశామన్నాను. ఆ మాట నిజమో అబద్ధమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆయన పేరు రాయను. అక్కడ ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు, అందరికీ మాస్టరే. సాంచె అంటే మరమగ్గం. మాస్టరంటే మొరాయించిన సాంచెలను బాగుచేసేవాడు, షిఫ్టు మొత్తానికీ పెద్ద. నలభై ఎనిమిది సాంచెలు ఒకే రేకుల కప్పు కింద ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కవాడి గొంతు కూడా వినపడదు. అందుకని అక్కడ చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. పిడికిలి గుండ్రంగా తిప్పితే నూలు చుట్టిన భీము అయిపోవచ్చిందని. మాస్టర్ బయటికొచ్చాక కూడా ఆ సైగలు మానేవాడు కాదు. టీ బండివాడికి గ్లాసు మధ్యలో వేలితో గీత గీసి, సగం చాలని చూపించేవాడు. నోరు విప్పాల్సి వస్తే మాత్రం అరిచేవాడు. నేను కూర్చునే అద్దాల గదిలోకి వచ్చి, రెండడుగుల దూరంలో నిలబడి, తిన్నవా బిడ్డా అని ఆయన అరిస్తే నా చేతిలో మౌస్ ఎగిరిపడేది.

పొట్టి మనిషి. చొక్కా జేబులో పోగు లాగే ఇనుప కొక్కెం ఒకటి, దువ్వెన ఒకటి. దువ్వడానికి నెత్తి మీద పెద్దగా ఏమీ మిగల్లేదు. వరసల మధ్య నడుస్తూ ప్రతి సాంచె మీదా ఒకసారి అరచెయ్యి ఆనించి పోయేవాడు. ఎందుకని అడిగితే వేడి చూస్తున్నానన్నాడు ఒకరోజు. ఇంకోరోజు అడిగితే అలవాటన్నాడు. మూడోసారి అడిగితే, చెప్పను పొమ్మన్నాడు, చెప్తే దాన్ని కూడా కంప్యూటర్లో ఎక్కిస్తానట.

ఆయనది జగిత్యాల పక్కన పల్లె. నాది రాజమండ్రి దగ్గర. నేను అండీ అన్నప్పుడల్లా ఆయనకు నవ్వొచ్చేది. అండి లేకుండా ఒక్కసారి మాట్లాడితే జరిమానా ఏమీ పడదనేవాడు. నేను ప్రయత్నించాను కానీ ఆ వయసు మనిషి ముందు నా నాలుక తిరగలేదు.

సాంచెలకు నేను నంబర్లు పెట్టుకున్నాను. ఆయన చుట్టరికాలు పెట్టుకున్నాడు. ముప్పై ఒకటో సాంచె పెద్ద బామ్మర్ది, ఊరికే అలుగుతుంది. పన్నెండోది మేనత్త, చప్పుడెక్కువ, పని కూడా ఎక్కువే. గోడవారగా ఉన్న నలభై ఏడు కొత్తల్లుడు, దానికి అందరూ మర్యాద చేయాలి. పొద్దున్నే నా గదిలోకి తొంగిచూసి పెద్ద బామ్మర్ది ఎట్లున్నడని అడిగితే మొదట్లో నేను తెల్లమొహం వేసేదాన్ని. చివరికి విసుగొచ్చి, నా పట్టికలో ఒక నిలువు గడి చేర్చి ఆ పేర్లన్నీ ఎక్కించాను. మా క్లౌడ్‌లో అవి ఇప్పటికీ ఉన్నాయి. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇదేమిటి మేడం అని అడుగుతారు. ముట్టుకోవద్దని మాత్రం చెప్తాను.

ఆయన నోట ఎక్కువగా వినపడే మాట, 'ఎవలన్నరు?' తాపీ నదికి పైనుంచి నీళ్ళు వదిలారట అంటే, ఎవలన్నరు? అమ్రోలి వైపు వంతెన మూసేశారట అంటే, ఎవలన్నరు? చెప్పింది ఎవడు, వాడికి చెప్పింది ఎవడు, ఆ మొదటివాడు కళ్ళారా చూశాడా లేదా, అంతా రాబట్టేదాకా వదిలేవాడు కాదు. మా వృత్తిలో ఈ పనికి పెద్ద పేరే ఉంది. తెర మీద ఒక అంకె కనపడితే అది ఏ పట్టికలోంచి వచ్చింది, ఆ పట్టికలోకి ఎక్కడినుంచి వచ్చింది అని వెనక్కి వెనక్కి పోయి చూడాలి. దానికోసం పటాలు గీస్తాం, మీటింగులు పెడతాం. తీరా చూడాల్సినప్పుడు చూడం.

నా పని కూడా కాస్త చెప్పాలి. మా కంపెనీ చిన్నది. సాంచెలకు అరచేతిలో పట్టేంత డబ్బాలు బిగిస్తారు. ఏ సాంచె ఎప్పుడు నడిచింది, ఎప్పుడు ఆగింది అన్నది ఆ డబ్బాలు క్లౌడ్‌కి పంపుతాయి. బిగించేది వేరే వాళ్ళు. వచ్చిన సమాచారాన్ని కడిగి, వరస పెట్టి, సేఠ్‌లు, అంటే కార్ఖానా యజమానులు, చూసుకునేలా తెర మీదికి తెచ్చేది నేను. డేటా ఇంజనీర్ అంటారు. మా ఆయన హజీరాలో ఒక ప్లాంటులో పనిచేస్తాడు, ఆల్థాన్‌లో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో నా ఉద్యోగం గురించి అడిగినవాళ్ళకు రెండో వాక్యం దగ్గరే ఆవులింత వస్తుంది. మాస్టర్ ఒక్కడే ఆసాంతం విన్నాడు. క్లౌడంటే ఎక్కడ అని అడిగాడు. ముంబైలో కంప్యూటర్లండీ అన్నాను. ముంబైలో ఏ పక్క అన్నాడు. ముంబై పక్కనే భివండీలో పన్నెండేళ్ళు సాంచెల మధ్య బతికిన మనిషికి ముంబై అంటే సొంత చుట్టాల ఊరు. నాకు తెలీదండీ, అడ్రసు మాకు చెప్పరన్నాను. ఆయన నన్ను నిజంగా జాలిగా చూశాడు.

"గోదాం ఏడున్నదో తెల్వకుంట సరుకు పంపుతున్నవా బిడ్డా?"

నాలుగు నెలలు నన్ను ఆ కార్ఖానాలోనే కూర్చోబెట్టారు. రెండో వారంలో ఒకరోజు, పన్నెండో సాంచె ఆగిపోయిందండీ అని చెప్పాను. నా తెర మీద అది ఎర్రగా ఉంది. నడుస్తోందన్నాడు. ఆగిందండీ, చూడండి అన్నాను. ఆయన చూడలేదు. నా మణికట్టు పట్టుకుని వరసల మధ్యకు తీసుకెళ్ళి, నా అరచేతిని మేనత్త నడుం మీద పెట్టాడు. ఇనుము దడదడమని కొట్టుకుంటోంది. చివరికి డబ్బా వైరు ఊడిందని తేలింది. ఆ రోజంతా కనపడినవాడికల్లా ఆ కథ సైగలతో చెప్పి నన్ను ఆటపట్టించాడు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ డబ్బాలు తప్పు చెప్పగలవని ఆయనకు నాకన్నా ముందే తెలుసు.

సేఠ్ కోరింది ఒక్కటే. టీ తాగే చోట గోడకు ఒక పెద్ద తెర ఉండాలి. నిన్నా, నెలనెలా ఏ షిఫ్టులో సాంచెలు ఎంత బాగా నడిచాయో అందరికీ కనపడాలి. పగటి షిఫ్టు పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా, దానికి మా మాస్టర్. రాత్రి షిఫ్టుకు ఒక ఒడియా మాస్టర్. పైన ఉన్న షిఫ్టుకు పచ్చ పట్టీ, కింద ఉన్నదానికి ఎర్ర పట్టీ. మొదటి రోజు నుంచీ ఎర్ర పట్టీ పగటి షిఫ్టుదే.

నేతగాళ్ళు నమ్మలేదు. రాత్రి షిఫ్టు చివర్లో ఎట్లా తూగుతారో తెలిసినవాళ్ళు వాళ్ళు. మాస్టర్‌తో ఒకే గదిలో ఉండే కళ్ళజోడు నేతగాడు ఒకడు, తెరకు ఒక్క తన్ను తన్నితే సరిగ్గా చెప్తుందని నా మొహం మీదే అన్నాడు. మాస్టర్ మాత్రం నాలుగింటికి టీ గ్లాసు పట్టుకుని తెరకు మూరెడు దూరంలో నిలబడి, "ఏమంటాంది?" అని అడిగేవాడు. నేను చదివేదాన్ని. మాస్టరుగారూ, నిన్న కూడా మీది నూటికి నాలుగు పాళ్ళు తక్కువండీ. అట్లనా అనేవాడు, అంతే. ప్రతిరోజూ అదే వేళకు, అదే ప్రశ్న, పదిమంది మధ్యలో నేను గట్టిగా చదవడం. తాపీలో నీళ్ళొచ్చాయంటే నలుగురిని నిలదీసే మనిషి, నా తెరను ఒక్కసారి కూడా ఎవలన్నరని అడగలేదు. అడిగి ఉంటే వెనక్కి పోయి చూసేదాన్నేమో. లేదు, ఇది నన్ను నేను వెనకేసుకు రావడం. అడక్కపోయినా చూడాల్సింది నేనే.

నెలలు గడిచేకొద్దీ సైగలు తగ్గాయి, చుట్టరికాల కబుర్లు తగ్గాయి. మూడో నెలాఖరులో ఆయన సేఠ్ గదిలోకి వెళ్ళి, తనతో ఇక కావడం లేదని, ఒడియా మాస్టర్‌ను పగటికి తెమ్మని, తనకు నూలు గోదాములో ఏదైనా పని ఇమ్మని అడిగాడు. సేఠ్ కాసేపు వద్దన్నాడు, తర్వాత గోడ మీది తెర వైపు చూసి సరేనన్నాడు. ఆ వారం నేను మా ఆఫీసులో చూపించిన స్లైడ్లలో ఒకదాని మీద 'డేటా ఆధారంగా నిర్ణయం' అని రాశాను. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ స్లైడు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

తప్పు బయటపడింది చెత్తబుట్టలోంచి. మా పనిలో అదొకటి ఉంటుంది, వచ్చిన సమాచారంలో పనికిరాదనుకున్న వరసలన్నీ అందులో పడతాయి. నేను ఒక నియమం రాసి పెట్టాను. వారపు సెలవు రోజున పొద్దున ఏడు దాటాక సాంచె నడిచినట్టు ఏ వరస వచ్చినా బుట్టలో పడాలి. ఆ రోజు పొద్దున రాత్రి షిఫ్టు దిగగానే తాళం వేస్తారు గనక, నడిచిందంటే డబ్బా పిచ్చిదై ఉండాలన్నది నా తెలివి. బుట్ట నిండిందని హెచ్చరిక వస్తే ఒకరోజు తెరిచి చూశాను. ప్రతి వారమూ సెలవునాడు మధ్యాహ్నం పన్నెండున్నర దాకా, తాళం వేసిన కార్ఖానాలో, నలభై ఎనిమిది సాంచెలూ నడిచాయి. పన్నెండున్నరకు అన్నీ ఒక్కసారి ఆగాయి. పాడైన డబ్బాలు అంత క్రమశిక్షణగా పాడవవు. రాత్రి షిఫ్టు దిగేది ఏడింటికి. ఏడుకీ పన్నెండున్నరకీ మధ్య ఐదున్నర గంటలు. అది లెక్క వేసుకోగానే నా ప్రోగ్రాము మళ్ళీ తెరిచాను.

క్లౌడ్ గడియారం మనది కాదు, అది లండన్ దగ్గరి కాలమానంలో నడుస్తుంది. మన టైము కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. ఈ వృత్తిలోకి వచ్చినవాళ్ళకు మొదటి వారంలోనే నూరిపోస్తారు. నేనూ కలిపాను. కానీ డబ్బాలు బిగించినవాళ్ళు వాటి గడియారాలను ముందే మన టైముకు తిప్పి పెట్టారు. దాని మీద నేను మళ్ళీ కలిపాను. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు జరిగింది పొద్దున ఏడింటికి జరిగినట్టు పడింది. అంటే రాత్రివాళ్ళు నిద్రకు తూగుతూ, పోగు తెగినా పట్టించుకోని ఆ చివరి ఐదున్నర గంటలు పగటి షిఫ్టు నెత్తిన పడ్డాయి. పగటివాళ్ళు మధ్యాహ్నం నుంచి ఊపు మీద నేసిన గంటలు రాత్రి షిఫ్టుకు పోయాయి. రోజు మొత్తం ఇంచుమించు సరిగ్గానే ఉండేది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. సరిచేసి, ఎవరికీ కనపడకుండా నా దగ్గరే మళ్ళీ లెక్క వేయించి చూశాను. మాస్టర్ ఉన్న ప్రతి నెలా పగటి షిఫ్టే పైన.

మా మేనేజర్ విని, చడీచప్పుడు లేకుండా సరిచేసెయ్, 'సమయంలో చిన్న సవరణ' అని రాసి వదిలెయ్ అన్నాడు. అదే ప్రోగ్రాము ఇంకో పదకొండు కార్ఖానాలకు నడుస్తోంది. ముందు ఒక మనిషికి చెప్పి రావాలన్నాను.

సెలవు రోజు పొద్దున షేర్ ఆటోలో లింబాయత్ వెళ్ళాను. కార్ఖానా దాటి రెండు సందులు తిరిగితే, కింద ఎవరివో నాలుగు సాంచెలు, పైన ఇనుప నిచ్చెనెక్కితే మాస్టర్ ఉండే గది. ఐదుగురు ఉంటారు. కళ్ళజోడు నేతగాడు పొయ్యి దగ్గర ఉన్నాడు, ముగ్గురు పడుకుని ఉన్నారు. ఆడమనిషి వచ్చిందని గబగబా లేచి లుంగీలు సర్దుకున్నారు. మాస్టర్ నన్ను చాప మీద కూర్చోబెట్టి ఏందిట్లొచ్చినవని అరిచాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ తడబడ్డాయి. మొత్తం మీద చెప్పాను. తప్పు నాది, మీది ఎప్పుడూ వెనకబడలేదు, సేఠ్‌కి చెప్పి మిమ్మల్ని మళ్ళీ మీ చోట కూర్చోబెడతాను. చెప్తూ ఏడ్చాను కూడా.

ఆయన జేబులోంచి పోగు కొక్కెం తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

"అయితే నా షిఫ్టే ముందటున్నదంటవ్."

"అవునండీ. మొదటి రోజు నుంచీ."

నేను ఊహించిన సంతోషం ఆ మొహంలో ఎక్కడా లేదు. కళ్ళజోడు నేతగాడు తల ఇంకా కిందికి వంచుకున్నాడు. మాస్టర్ నాతో అప్పుడు, మొదటిసారి, అరవకుండా మాట్లాడాడు.

"నాకు పోగు అగుపడక నాలుగేండ్లాయె బిడ్డా. నీ తెర మీద ఏమున్నదో గూడ నాకు తెల్వది. నువ్వు సదివితె విన్న."

ఒక కన్ను పూర్తిగా పోయిందట. రెండోదానికి మసక, ఆలస్యమైంది లాభం లేదని డాక్టర్లు అన్నారట. ఆ సంగతి గదిలో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. తెగిన పోగులు నేతగాళ్ళే అతికించుకున్నారు. చిన్నచిన్న మరమ్మతులు వాళ్ళే చేసుకున్నారు. పెద్ద పని పడితే కళ్ళజోడు నేతగాడు పక్కన నిలబడి చూసి చెప్తే, ఈయన చేతులతో చేశాడు. సేఠ్ చెవిన పడకుండా నాలుగేళ్ళు నెట్టుకొచ్చారు. తెర పెట్టి, నేను రోజూ ఎరుపు ఎరుపు అని చదువుతుంటే, మిషన్ తనను పట్టేసిందనుకున్నాడు.

"ఆళ్ల కష్టం నా పేరు మీద పోవట్టె. ఎన్నొద్దులు? దొరికిన్ననుకున్న. దొరికినంక నిమ్మలమైంది."

కళ్ళజోడు నేతగాడు పొయ్యి దగ్గర నుంచే అడ్డుపడ్డాడు. మాస్టర్ ఊరికే అంటాడు మేడం, మేము పోగులే అతికించాం, ఏ సాంచె ఎప్పుడు ఆగుతుందో చెయ్యి పెట్టి ముందే చెప్పింది ఆయనే అన్నాడు. మాస్టర్ చేత్తో కొట్టిపారేశాడు. నాకు ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. ఒక్క పూటలో నా లెక్కలన్నీ తలకిందులయ్యాయి. తప్పుగా వేసిన లెక్క ఆయనతో నిజం మాట్లాడిందా? సరైన లెక్క ఇప్పుడు ఆయన్ని అబద్ధంలోకి లాగుతోందా? లేక నేను మరీ కుమిలిపోకూడదని ఆయన కళ్ళ సంగతి పెంచి చెప్తున్నాడా? ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్తే, అయితే డేటా కరెక్టా తప్పా అని అడిగాడు. నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ అన్నాను.

ఒక్కటి మాత్రం ఆ గదిలోనే స్పష్టంగా తెలిసింది. నేను లెక్క సరిచేస్తే సేఠ్ ఆయన్ని మళ్ళీ పిలుస్తాడు. వెళ్తే అదే దాపరికం. కళ్ళు లేవని చెప్పేస్తే, నాలుగేళ్ళు దాచినందుకు ఈ నలుగురి పని పోతుంది.

"గట్లనె ఉండనియ్యరాదు?" అన్నాడు.

సరేనని ఒక్క మాట అనేస్తే పోయేది. అనలేకపోయాను. పదకొండు కార్ఖానాల సంగతి చెప్పాను. అక్కడ కూడా పగటి మాస్టర్లు ఎరుపులోనే ఉన్నారండీ, ఒకాయన్ని వచ్చే నెల తీసేస్తామంటున్నారు అన్నాను. ఆయన అరచెయ్యి చాప మీద ఆనించాడు. కింద సాంచెలు కొట్టుకుంటూనే ఉన్నాయి, చాప అదురుతూనే ఉంది.

"ఆళ్ల కండ్లు మంచిగున్నయా?"

"నాకు తెలీదండీ."

"మంచిగనే ఉంటయి. సరి చెయ్యి." తర్వాత, బుధవారం దాకా ఆగగలవా అని అడిగాడు. ఊరికి బండి బుధవారం మధ్యాహ్నమట. ఎవరితో చెప్పవద్దని ఆయన అడగలేదు, నేనూ మాట ఇవ్వలేదు. టీ తాగాను. నిచ్చెన దిగేటప్పుడు ఆయన పైన నిలబడి, నేనింకా పై మెట్టు దగ్గరే ఉన్నాననుకుని, జర పైలం అని అరిచాడు. నేను అప్పటికే కిందికి దిగిపోయి ఉన్నాను.

బుధవారం దాకా ఆగాను. తప్పని తెలిసిన అంకెలు నాలుగు రోజులు పన్నెండు గోడల మీద నా ఎదురుగానే వెలుగుతూ ఉన్నాయి. మేనేజర్ రోజుకు రెండుసార్లు ఫోన్ చేశాడు. పరీక్షించి చూస్తున్నానని చెప్పాను. పరీక్షించడానికి ఏమీ లేదు, మార్చాల్సింది ఒక్క వరస. ఆ ఎరుపులో ఉన్న మిగతా మాస్టర్లు తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. ఈయన్ని తలుచుకున్నా పట్టేది కాదు.

స్టేషనుకు వెళ్ళలేదు. వెళ్ళాలనిపించింది, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. బుధవారం మూడింటికి కార్ఖానాకు వెళ్ళి, నా పాత గదిలో కూర్చుని ఆ ఐదున్నర గంటలు తీసేసి, నెలలన్నిటికీ లెక్క మళ్ళీ నడిపించాను. టీ వేళకు తెర మారింది. ఒక్కో నెలా పచ్చబడుతూ వచ్చింది. నేతగాళ్ళు గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. సేఠ్ చూసి సంబరపడిపోయాడు. తనకు మొదటి నుంచీ అనుమానమేనన్నాడు, తన మాస్టర్ వెనకబడడమేమిటన్నాడు, గోదాములోంచి వెంటనే పిలుచుకు రమ్మన్నాడు. ఊరికి వెళ్ళిపోయాడని ఎవరో చెప్పారు. మళ్ళీ రానని చెప్పాడట.

సేఠ్ మొహం వాడిపోయింది. ఆయన మంచివాడే, ఇరవై ఏళ్ళుగా తన దగ్గర ఉన్న మనిషి చెప్పకుండా పోయాడంటే బాధపడ్డాడు. నా వైపు తిరిగి, ఈ లెక్క తప్పని మాస్టర్‌కు తెలుసా బెన్ అని, గుజరాతీలో చెల్లెల్ని పిలిచినట్టు పిలిచి, అడిగాడు.

తెలియదన్నాను. తెలిస్తే ఎందుకు వెళ్తారన్నాను.

కళ్ళజోడు నేతగాడు టీ గ్లాసు పక్కన పెట్టి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అవును సేఠ్, ఆయనకు ఏమీ తెలియదు, మేమంతా ఒక్క గదిలోనే ఉంటాం కదా అని హిందీలో అన్నాడు. మిగతా ముగ్గురూ తలూపారు. సేఠ్ మమ్మల్ని నమ్మి లోపలికి వెళ్ళిపోయాడు.